కీ పుట్టిన చోటే ఉండాలి: సర్టిఫికెట్లు, ప్రైవేటు కీలతో పని ఎలా చేయాలి

పోయిన మిర్చి సీజన్‌లో ఒక సాయంత్రం హన్మకొండ నుంచి తెలిసిన తమ్ముడొకడు వాట్సాప్‌లో ఫైలు పంపాడు. "అన్నా, సర్వర్‌ల సర్టిఫికెట్ ఎక్కుతలేదు, జర చూస్తవా?" అని అడిగాడు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి బిల్లుల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. కాంటా అయ్యాక రైతుకిచ్చే తక్‌పట్టీ (తూకం చీటీ) కాగితంతో పాటు ఫోన్‌కి కూడా వెళ్ళాలని అతని ఆలోచన. ఫైలు తెరిచి చూస్తే మొదటి వరుసలోనే "బిగిన్ ప్రైవేట్ కీ" అని ఉంది. సర్టిఫికెట్ అనుకుని కీ పంపాడు. అంతకుముందే నలుగురు దోస్తులున్న గ్రూపులో కూడా అదే ఫైలు పెట్టి సలహా అడిగాడట.

తెలివైన పిల్లాడు. బీటెక్‌లో ఆర్‌ఎస్‌ఏ లెక్క చేసి పాసైనవాడే. రెండు ప్రధాన సంఖ్యలు తీసుకుని గుణించి, పబ్లిక్ కీ, ప్రైవేటు కీ కనుక్కోవడం పరీక్షలో వస్తుంది. ఆ కీ ఫైలుగా మారాక ఎక్కడ పెట్టాలో, ఎవరికి చూపకూడదో ఏ పేపర్‌లోనూ అడగరు. అందుకే ఇదంతా మొదటి నుంచి రాస్తున్నాను. ఉద్యోగంలో చేరినవాళ్ళకూ, ఇంట్లో కూర్చుని చిన్న దుకాణాలకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళకూ ఇది ఒకేలా పనికొస్తుంది.

ముందు ఏది ఏమిటో తెలుసుకోండి

పట్టాదారు పాసుబుక్కు గుర్తు చేసుకోండి. దాని జిరాక్సు బ్యాంకుకిస్తాం, మార్కెట్‌కిస్తాం, ఎవరడిగినా ఇస్తాం. అందులో పేరుంది, సర్వే నంబరుంది, కింద తహసీల్దార్ సంతకముంది. బొటనవేలు మాత్రం ఎవరికీ ఇచ్చి పంపం. ముద్ర వేయాల్సి వస్తే మనమే వెళ్ళి వేస్తాం.

సర్టిఫికెట్ ఆ పాసుబుక్కు లాంటిది. ఎక్స్.509 అనే పద్ధతిలో ఉంటుంది. లోపల మీ పబ్లిక్ కీ, మీ డొమైన్ పేరు, ఇచ్చిన సంస్థ పేరు, సీరియల్ నంబరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో, వీటన్నిటి మీద ఇచ్చిన సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. మీ సైటుకి వచ్చిన ప్రతివాళ్ళకీ సర్వర్ దాన్ని పంపుతూనే ఉంటుంది. అందులో దాచాల్సింది ఏమీ లేదు.

ప్రైవేటు కీ బొటనవేలు. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మీరు. అది నిజంగా మీదేనా, ఎక్కడి నుంచైనా ఎత్తుకొచ్చారా అని కంప్యూటర్ అడగదు.

ఏ ఫైలు ఏదో తెలియకపోతే పేరు చూసి నమ్మకండి, తెరిచి మొదటి వరుస చదవండి. "బిగిన్ సర్టిఫికెట్" అంటే ఇంకొకరికి పంపొచ్చు. "బిగిన్ సర్టిఫికెట్ రిక్వెస్ట్" అయినా పంపొచ్చు. వరుసలో ఎక్కడైనా "ప్రైవేట్ కీ" అన్న మాట కనిపిస్తే ఆ ఫైలు ఆ మెషిన్ దాటకూడదు. కొన్నిటిలో ముందు "ఆర్‌ఎస్‌ఏ" అనో "ఈసీ" అనో ఉంటుంది, అవి పాత తరహా ఫార్మాట్లు. "ఎన్‌క్రిప్టెడ్" అని ఉంటే పాస్‌వర్డ్ తాళం ఉందన్న మాట. తాళం ఉన్నా పంపకండి.

కీ తయారు చేయడం

ఏ సర్వర్‌లో వాడతారో ఆ సర్వర్‌లోకి లాగిన్ అయి అక్కడే కీ పుట్టించండి. మీ ల్యాప్‌టాప్‌లో చేసి తర్వాత కాపీ చేద్దామనుకోవద్దు. అలా చేస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి మిగిలిపోతాయి. ఏడాది తర్వాత ఎక్కడెక్కడ ఉన్నాయో మీకే గుర్తుండదు.

లినక్స్‌లో కీలు, సర్టిఫికెట్ల పనులు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే టూల్ దాదాపు ఎప్పుడూ ఉంటుంది. దానికి జెన్‌పీకీ అనే కమాండ్ ఇచ్చి, ఆల్గోరిథమ్ దగ్గర ఈసీ (ఎలిప్టిక్ కర్వ్) అని, కర్వ్ దగ్గర పీ-256 అని చెప్పండి. పాత పరికరాలతో మాట్లాడాల్సి వస్తే ఆర్‌ఎస్‌ఏ తీసుకోండి, 2048 బిట్లకు తగ్గకుండా. కొత్తగా మొదలుపెట్టే పనికి నేను పీ-256 వాడతాను. కీ చిన్నది, సంతకం త్వరగా పడుతుంది.

కమాండ్ కొట్టే ముందే ఫైలు అనుమతులు బిగించండి. యూమాస్క్ 077 పెట్టుకుంటే పుట్టేటప్పుడే ఫైలు మీకు మాత్రమే కనిపిస్తుంది. మర్చిపోతే తర్వాత సీహెచ్‌మాడ్ 600 ఇవ్వండి. ఒకే సర్వర్‌లో నలుగురి ప్రాజెక్టులు నడిచే చోట ఇది చిన్న విషయం కాదు.

కీ ఎంత పెద్దదైనా దాని వెనకున్న యాదృచ్ఛిక సంఖ్య బాగోకపోతే లాభం లేదు. 2006 నుంచి 2008 దాకా డెబియన్ లినక్స్‌లోని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఒక మార్పు వల్ల యాదృచ్ఛికత దాదాపు మొత్తం పోయింది. ఒక్కో రకం మెషిన్‌లో ఒక్కో కీ సైజుకు 32 వేల చిల్లర కీలు మాత్రమే పుట్టగలిగాయి. 2048 బిట్ల కీ అని సంతోషపడినవాళ్ళ కీలు ఒక జాబితాలో ఇమిడిపోయాయి. కాబట్టి కీ తయారీకి సొంత కోడ్ రాయకండి. మామూలు ర్యాండమ్ ఫంక్షన్ అసలే వాడకండి. పేరున్న లైబ్రరీనే వాడండి, దాన్ని అప్‌డేట్ చేస్తూ ఉండండి.

సీఎస్‌ఆర్ రాసి పంపడం

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు మీరు పంపేది సీఎస్‌ఆర్, అంటే సర్టిఫికెట్ సైనింగ్ రిక్వెస్ట్ మాత్రమే. దరఖాస్తు కాగితం లాంటిది. అందులో మీ పబ్లిక్ కీ, మీ డొమైన్ ఉంటాయి, దాని మీద మీ ప్రైవేటు కీతో సంతకం ఉంటుంది. కీ మీ దగ్గరే ఉందని ఆ సంతకమే రుజువు చేస్తుంది కాబట్టి కీని పంపే అవసరమే రాదు. "కీ కూడా మేమే చేసిస్తాం, డౌన్‌లోడ్ చేసుకోండి" అనే వెబ్‌సైట్లు కనిపిస్తాయి. వాటి జోలికి పోవద్దు.

డొమైన్ పేరును సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అనే చోట రాయండి. చాలా పాత పాఠాల్లో కామన్ నేమ్‌లో రాయమని ఉంటుంది. క్రోమ్ 2017లో వచ్చిన 58వ వెర్షన్ నుంచి కామన్ నేమ్‌ను పట్టించుకోవడం మానేసింది. ముందు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరు, లేని పేరు రెండూ చేర్చండి. ఒకటి మర్చిపోతే సగం మందికి సైటు తెరుచుకుంటుంది, సగం మందికి ఎర్ర హెచ్చరిక వస్తుంది.

లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి సర్ట్‌బాట్ అనే టూల్‌తో సర్టిఫికెట్ తీసుకుంటే కీ, సీఎస్‌ఆర్ రెండూ అదే మీ సర్వర్‌లో చేసుకుంటుంది. ఉచితం కూడా. చిన్న దుకాణాల సైట్లకు డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.

వచ్చిన సర్టిఫికెట్‌ను చదవండి

ఎక్కించే ముందు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోని ఎక్స్509 కమాండ్‌తో తెరిచి పేర్లు, తేదీలు చూడండి. తర్వాత అది మీ కీకి జతేనా అని సరిచూడండి. సర్టిఫికెట్ నుంచి పబ్లిక్ కీ తీయండి, ప్రైవేటు కీ నుంచి కూడా పీకీ కమాండ్‌తో పబ్లిక్ కీ తీయండి, రెండూ అక్షరం తేడా లేకుండా ఒకటే అవ్వాలి. తమ్ముడికి సర్టిఫికెట్ ఎక్కకపోవడానికి కారణం ఇదే. రెండోసారి కీ తయారు చేసుకుని, మొదటి కీతో వచ్చిన సర్టిఫికెట్‌ను దానికి జత చేశాడు. ఎవరికీ ఏ ఫైలూ పంపకుండా రెండు నిమిషాల్లో తేలే విషయం.

ఇప్పుడు అందరినీ ఎక్కువగా ఏడిపించేది. "నా క్రోమ్‌లో బాగానే తెరుచుకుంటోంది, ఆండ్రాయిడ్ యాప్‌లో మాత్రం రావట్లేదు." ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. కారణం దాదాపు ఎప్పుడూ గొలుసు తెగడమే.

మీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టింది రూట్ (అన్నిటికన్నా పైన ఉండి, ఫోన్లు ముందే నమ్మే) సంస్థ నేరుగా కాదు, మధ్యలో ఉన్న ఇంటర్మీడియట్. పాసుబుక్కు మీద తహసీల్దార్ పెడతాడు, సర్కారు వచ్చి పెట్టదు కదా. ఫోన్‌కు రూట్ మాత్రమే తెలుసు. ఈ తహసీల్దార్ నిజమైనవాడేనని చూపే కాగితం, అంటే ఇంటర్మీడియట్ సర్టిఫికెట్, మీ సర్వరే పంపాలి. పంపకపోతే క్రోమ్ చాలాసార్లు తానే వెళ్ళి తెచ్చుకుంటుంది. ఆండ్రాయిడ్ యాప్, జావా, పైథాన్ అలా వెళ్ళవు, ఎర్రర్ ఇచ్చి ఊరుకుంటాయి.

మందు సులువు. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌లో సర్టిఫికెట్ దగ్గర సర్ట్ ఫైలు కాకుండా ఫుల్‌చైన్ ఫైలు ఇవ్వండి. చేత్తో అతికిస్తే ముందు మీ సర్టిఫికెట్, దాని కింద ఇంటర్మీడియట్. రూట్ పెట్టనక్కర్లేదు. తర్వాత బయటి మెషిన్ నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌క్లయింట్‌తో మీ డొమైన్ 443 పోర్టుకు కనెక్ట్ అయి, చివర్లో వచ్చే వెరిఫై కోడ్ చూడండి. 0 వస్తే బాగుంది. 20 లేదా 21 వస్తే గొలుసు తెగింది. 10 వస్తే గడువు తీరింది.

మీ సర్వర్‌లో అంతా సరిగా ఉండి, ఒక్క దుకాణం కంప్యూటర్‌లోనే ప్రతి సైటుకూ సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంటే ముందు గడియారం చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఎన్నో ఏళ్ళ వెనక్కి పోతుంది. అప్పుడు నేటి సర్టిఫికెట్లన్నీ దానికి ఇంకా మొదలుకానివే.

ఫార్మాట్ల సంగతి

పెమ్ అంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవగలిగే అక్షరాల రూపం. డెర్ అదే విషయం బైనరీలో. పీ12 లేదా పీఎఫ్‌ఎక్స్ అంటే కీ, సర్టిఫికెట్, గొలుసు అన్నీ ఒకే మూటలో కట్టి పాస్‌వర్డ్ వేసినది. విండోస్, జావా దీన్ని అడుగుతాయి. జావా 9 నుంచి కీస్టోర్ మామూలుగా ఈ రూపమే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పీకేసీఎస్12 కమాండ్‌తో మూట కట్టొచ్చు, విప్పొచ్చు. పేరులో కీ అనే మాట లేకపోయినా ఇందులో ప్రైవేటు కీ ఉంటుందని గుర్తుంచుకోండి. ఎవరైనా "సర్టిఫికెట్ పంపండి" అంటే పీఎఫ్‌ఎక్స్ పంపేవాళ్ళను చాలామందిని చూశాను.

కోడ్‌లోకి దిగాక

ఎర్రర్ వస్తోంది. పైథాన్‌లో "సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్", జావాలో "పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్". సాయంత్రంలోగా డెమో ఇవ్వాలి, టెన్షన్. వెతికితే మొదట దొరికే సలహా: పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో వెరిఫై అన్నదానికి ఫాల్స్ ఇవ్వు, జావాలో అన్నిటికీ సరే అనే ట్రస్ట్ మేనేజర్ రాయి. దయచేసి చేయకండి. ఆ ఒక్క వరుస రాశాక అవతల ఉన్నది ఎవరో చూడడం మీ ప్రోగ్రామ్ మానేస్తుంది. బస్టాండ్‌లో ఉచిత వైఫై నడిపేవాడు మధ్యలో కూర్చుని తన సర్టిఫికెట్ చూపినా ఒప్పుకుంటుంది. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు ఖాతా నంబర్లు అతని చేతికి పోతాయి. డెమో కోసం రాసిన వరుస ప్రొడక్షన్‌లోకి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. తీసేద్దామన్న మాట ఎవరికీ గుర్తుండదు.

సరైన దారి కూడా కష్టమేమీ కాదు. అవతలి సర్వర్ మీదే అయితే గొలుసు సరిచేయండి. ఆఫీసు లోపలి సొంత సీఏ (సర్టిఫికెట్లు ఇచ్చే అథారిటీ) అయితే దాని రూట్ సర్టిఫికెట్ ఫైలు దారిని వెరిఫైకి ఇవ్వండి. జావాలో కీటూల్‌తో ట్రస్ట్‌స్టోర్‌లో చేర్చండి. మీ ల్యాప్‌టాప్‌లో లోకల్‌హోస్ట్‌కు కావాలంటే ఎంకేసర్ట్ అనే చిన్న టూల్ ఉంది, అది మీ మెషిన్ వరకే నమ్మే సీఏ చేసిపెడుతుంది. ఆ సీఏ కీ కూడా ప్రైవేటు కీనే, పక్కవాడికి ఇవ్వొద్దు.

కీ కోడ్‌లో ఉండకూడదు. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి వెళ్ళకూడదు. ప్రాజెక్టు మొదటి రోజే గిట్‌ఇగ్నోర్‌లో కీ, పెమ్, పీ12, పీఎఫ్‌ఎక్స్, జేకేఎస్ పొడిగింపులు రాసేయండి. ఇంకా మంచిది, కీని ప్రాజెక్టు ఫోల్డర్ బయటే ఉంచి దాని దారిని మాత్రం ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఇవ్వడం. మొబైల్ యాప్‌లో పెట్టడం అంటే ఊరందరికీ పంచినట్టే. ఏపీకే ఫైలు ఒక జిప్ ఫైలు, ఎవరైనా విప్పి చూడొచ్చు.

తమ్ముడి ఆలోచనలో ఇక్కడే పెద్ద లోపముంది. తక్‌పట్టీ మీద డిజిటల్ సంతకం యాప్‌లోనే పెట్టాలనుకున్నాడు. అంటే కీ ప్రతి ఫోన్‌లో ఉంటుంది, ఎవరైనా దొంగ తక్‌పట్టీ చేసి అసలుదనిపించొచ్చు. సంతకం సర్వర్‌లో పెట్టాలి. యాప్‌లో పబ్లిక్ కీ మాత్రం ఉండి, వచ్చిన తక్‌పట్టీ నిజమో కాదో సరిచూస్తే చాలు.

సంతకం గురించి ఇంకో మాట, ఇది రెండు రోజులు తినేసే తప్పు. సంతకం పడేది అర్థం మీద కాదు, బైట్ల మీద. తూకం 12.50 క్వింటాళ్ళు అని రాసి సంతకం చేశారు. అవతల జేసన్ (డేటా పంపే అక్షరాల రూపం) చదివి మళ్ళీ రాసేటప్పుడు అది 12.5 అయింది. మనిషికి రెండూ ఒకటే, బైట్ల నుంచి హ్యాష్ అనే గుర్తు సంఖ్య తీసే షా-256కి పూర్తిగా వేరు. సంతకం చెల్లలేదని వస్తుంది. జేసన్‌లో ఫీల్డ్‌ల వరుస మారినా, ఖాళీ స్పేస్ పెరిగినా అంతే. తెలుగు పేర్లలో అయితే తెరమీద ఒకేలా కనిపించే అక్షరం లోపల వేరే కోడ్‌లతో ఉండొచ్చు. అందుకే సంతకం చేసిన బైట్లను ఉన్నవి ఉన్నట్టు దాచి, ఉన్నవి ఉన్నట్టే పంపండి. ముందు సంతకం సరిచూడండి, ఆ తర్వాతే జేసన్‌ను విప్పండి.

ఈ సంతకం మీ యాప్ లోపలి నమ్మకానికి సరిపోతుంది. ప్రభుత్వ పోర్టళ్ళలో చెల్లే సంతకానికి 2000 నాటి ఐటీ చట్టం కింద కంట్రోలర్ ఆఫ్ సర్టిఫయింగ్ అథారిటీస్ లైసెన్సు ఇచ్చిన సంస్థ నుంచి డీఎస్‌సీ (డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్) తీసుకోవాలి. అది యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. అందులో కీ బయటికి కాపీ కాదు. మీ ప్రోగ్రామ్ టోకెన్ డ్రైవర్ ద్వారా హ్యాష్‌ను లోపలికి పంపితే సంతకం బయటికి వస్తుంది. టోకెన్‌ను వేరేవాళ్ళ దగ్గర వదిలి, పిన్ చిట్టీ మీద రాసి దానికే అంటించే అలవాటు చాలా చోట్ల ఉంది. అదే చట్టంలో 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు కీని తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళదే. మీ దుకాణదారుకి ఈ మాట చెప్పండి.

గడువు

లెట్స్ ఎన్‌క్రిప్ట్ మామూలు సర్టిఫికెట్ 90 రోజులది. కొనుక్కునేవి 2020 సెప్టెంబరు నుంచి 398 రోజులకు మించకుండా వచ్చేవి. ఆ పరిమితిని కూడా తగ్గిస్తూ 2025లో నిర్ణయం జరిగింది: 2026 మార్చి 15 నుంచి 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47. క్యాలెండర్‌లో రాసుకుని చేత్తో మార్చే రోజులు పోయాయి.

సర్ట్‌బాట్ తనంతట తానే కొత్తది తెస్తుంది, నిజమే. కానీ డిస్కు మీద ఫైలు మారినా ఎంజిన్‌ఎక్స్ మెమరీలో పాతదే ఉంటుంది, రీలోడ్ చేసేదాకా. ఇది నాకు తగిలిన దెబ్బ. నెల కిందటే రెన్యూ అయిందని లాగ్‌లో చూసి నిశ్చింతగా ఉన్నాను. ఒక ఉదయం మార్కెట్‌లో బిల్లులు ఆగిపోయాయి, రైతులు వరుసలో నిలబడ్డారు, ఫోన్ మీద ఫోన్. కొత్త సర్టిఫికెట్ సర్వర్‌లోనే ఉంది, ఎవరికీ చూపట్లేదు, అంతే. అప్పటినుంచి ప్రతి సర్వర్‌లో సర్ట్‌బాట్ డిప్లాయ్ హుక్ (కొత్త సర్టిఫికెట్ వచ్చాక నడిచే కమాండ్) అనే చోట ఎంజిన్‌ఎక్స్ రీలోడ్ కమాండ్ పెడుతున్నాను.

దాంతో పాటు బయటి మెషిన్ నుంచి రోజూ ఒక చిన్న స్క్రిప్టు నడపండి. ఎస్‌క్లయింట్‌తో సర్వర్ నిజంగా చూపిస్తున్న సర్టిఫికెట్ తెచ్చుకుని, ఎక్స్509 కమాండ్‌లోని చెక్‌ఎండ్‌కు 1209600 ఇవ్వండి. అవి 14 రోజుల సెకన్లు. అంతకన్నా తక్కువ మిగిలితే మీకు మెసేజ్ రావాలి. డిస్కు మీది ఫైలును చూస్తే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

ఆండ్రాయిడ్ యాప్ సంతకం కీ లెక్క వేరు. ప్లే స్టోర్‌కు దాని గడువు 2033 అక్టోబరు 22 దాటి ఉండాలి. 25 ఏళ్ళకు పెట్టండి.

కీ బయటికి పోతే

వాట్సాప్‌లో "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టడం, గిట్‌లో ఫైలు తీసేసి ఇంకో కమిట్ పెట్టడం పనిచేయవు. గిట్ చరిత్రలో అది అలాగే ఉంటుంది, వాట్సాప్ ఫైలు ఎవరి ఫోన్‌లో ఎక్కడ దిగిందో మీకు తెలియదు. ఒక్కసారి బయటికెళ్ళిన కీ పోయినట్టే లెక్క.

వరుస ఇది. ముందు సర్వర్‌లో కొత్త కీ. పాత కీని మళ్ళీ వాడే రీయూజ్ కీ ఆప్షన్ సర్ట్‌బాట్‌లో పెట్టి ఉంటే తీసేయండి. కొత్త కీకి కొత్త సర్టిఫికెట్. ఎక్కించి, రీలోడ్ చేసి, బయటి నుంచి సీరియల్ నంబరు మారిందని చూసుకోండి. అప్పుడు పాత సర్టిఫికెట్‌ను రద్దు చేయించండి, కారణం దగ్గర కీ కాంప్రమైజ్ అని రాయండి. ఆ కారణం చెబితే సంస్థ 24 గంటల్లో రద్దు చేయాలి. అదే కీ వేరే సర్వర్లలో, లోడ్ బ్యాలెన్సర్‌లో, బ్యాకప్‌లో ఉందేమో వెతికి అక్కడా మార్చండి. గిట్ చరిత్ర శుభ్రం చేయడం చివరి పని.

ఆ సాయంత్రం తమ్ముడిని తిట్టలేదు. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇదే వరుసలో చేశాం. అతను సుబేదారిలో తన గదిలో, నేను ఇక్కడ. టైపు చేసింది మొత్తం అతనే. కొత్త కీ ఫైలు ఎలా ఉందో నాకు చూపిస్తానన్నాడు, వద్దన్నాను. పబ్లిక్ కీలు రెండూ కలిశాయా అని మాత్రం అడిగాను. కలిశాయన్నాడు. ఎస్‌క్లయింట్ వెరిఫై కోడ్ 0 వచ్చేసరికి రాత్రి ఎనిమిదిన్నర దాటింది. తెల్లారి కాంటాలు మొదలయ్యేలోగా తక్‌పట్టీ సంతకాన్ని యాప్‌లోంచి తీసి సర్వర్‌కి మార్చాడు.